రోగి భాష రాని మానసిక వైద్యం

కాలు విరిగిన మనిషికి వైద్యం చేయడానికి డాక్టరుకు అతని భాష పెద్దగా అక్కర్లేదు. ఎముక ఎక్కడ విరిగిందో ఎక్స్‌రే చెబుతుంది. మలేరియాకు రక్తపరీక్ష ఉంది, క్షయకు తెమడ పరీక్ష ఉంది. డిప్రెషన్‌కు, స్కిజోఫ్రీనియాకు, బైపోలార్ జబ్బుకు మాత్రం అలాంటి పరీక్ష ఈరోజుకీ లేదు. రక్తపరీక్షలు రాస్తే అవి థైరాయిడ్ లాంటి వేరే కారణాలేమైనా ఉన్నాయేమో చూడడానికే. మానసిక వైద్యుడు రోగితో మాట్లాడాలి, చెప్పేది వినాలి, చెప్పే తీరు గమనించాలి, ఇంట్లోవాళ్ళను అడగాలి. అలా తేల్చుకోవాల్సిందే. కౌన్సెలింగ్ అయితే వైద్యమంతా మాటలతోనే నడుస్తుంది. అందుకే మిగతా వైద్యంలో భాష తెలియకపోవడం ఒక ఇబ్బంది అయితే, ఇక్కడ అది రోగ నిర్ధారణనే తప్పుదారి పట్టిస్తుంది. దీన్ని మన ఆరోగ్య వ్యవస్థ ఇంకా గుర్తించలేదనే చెప్పాలి.

ఉట్నూరు వైపు ఒక గూడెం నుంచి వచ్చిన గోండు పెద్దాయనను ఊహించుకుందాం. ఇంట్లో, పొలంలో, పండగలో ఆయన మాట్లాడేది గోండి. తెలుగు సంతలో బేరానికి సరిపడా వచ్చు. నిద్ర లేదు, తిండి మానేశాడు, ఎవరితోనూ మాట్లాడడం లేదు. కొడుకు జిల్లా ఆసుపత్రికి తీసుకొచ్చాడు. ఓపీలో డాక్టరు అడిగేవి మామూలు ప్రశ్నలే. ఈరోజు తారీఖెంత? వందలోంచి ఏడేసి తీసేస్తూ చెప్పు. 'ఇంట గెలిచి రచ్చ గెలువు' అంటే ఏమిటి? సామెతకు అర్థం అడగడం ప్రపంచమంతా వాడే పద్ధతే. మాట వెనక ఉన్న భావాన్ని రోగి పట్టుకోగలుగుతున్నాడా అని దాంతో చూస్తారు. కానీ ఆ సామెతను పెద్దాయన ఎప్పుడూ విని ఉండడు. ఆయన పెరిగిన సామెతలు గోండివి. లెక్క తప్పడానికి బడికి వెళ్ళకపోవడమే కారణం. ఇక తారీఖు సంగతి. ఆయన నెలలను పండగలను బట్టి, పంటను బట్టి గుర్తుపెట్టుకుంటాడు. మూడు ప్రశ్నలకూ జవాబు రాలేదు. కేస్ షీట్‌లో 'మాట తక్కువ, ఆలోచన మందం' అని పడితే ఆశ్చర్యం లేదు.

ఈ సమస్య పరిశోధకులకు కొత్త కాదు. హర్యానాలోని బల్లభ్‌గఢ్ ప్రాంతంలో చదువు రాని వృద్ధుల మతిమరుపును కొలవాల్సి వచ్చినప్పుడు, ఇంగ్లిష్ ప్రశ్నపత్రాన్ని ఉన్నదున్నట్టు అనువదిస్తే పనికిరాదని తేలింది. దాంతో 1990ల్లో 'హిందీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్' పేరుతో, అక్కడి జనం బతుకుకు తగ్గ ప్రశ్నలతో వేరే పరీక్ష తయారుచేసుకున్నారు. కోట్ల మంది మాట్లాడే హిందీకే ఇంత పని అవసరమైతే మన కొండల భాషలైన కోలామీకి, కువికి ఎంత అవసరమో ఊహించవచ్చు.

భాష మారితే రోగం కనిపించే తీరు కూడా మారుతుంది. 1973లో అమెరికాలో లూయిస్ మార్కోస్, ఆయన సహచరులు స్పానిష్ మాతృభాషగా ఉన్న స్కిజోఫ్రీనియా రోగులను స్పానిష్‌లో ఒకసారి, ఇంగ్లిష్‌లో ఒకసారి మాట్లాడించారు. ఇంగ్లిష్‌లో మాట్లాడినప్పుడు అదే రోగికి జబ్బు ముదిరినట్టు అంచనా వచ్చింది. 1981లో మెక్సికన్ మూలాలున్న రోగుల మీద ప్రైస్, క్యుయెల్లార్ చేసిన అధ్యయనంలో ఫలితం తిరగబడింది. స్పానిష్‌లో మాట్లాడినప్పుడే లక్షణాలు ఎక్కువగా బయటపడ్డాయి. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేస్తున్నట్టు అనిపించవచ్చు. నాకైతే రెండూ నిజమేననిపిస్తుంది. రాని భాషలో తడబాటు, మౌనం, పొడిపొడి జవాబులు జబ్బు లక్షణాల్లా కనిపిస్తాయి. సొంత భాషలోనేమో మనిషి లోపల దాచుకున్న భయాలూ అనుమానాలూ బయటికి వస్తాయి. లేని జబ్బు కనిపించడం, ఉన్న జబ్బు కనిపించకపోవడం, రెండూ భాష తెలియకపోవడం వల్ల జరిగేవే.

తెలుగు రోగికి తెలుగు డాక్టరు దొరికినప్పుడు ఏం కలిసొస్తుందో చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. మన పల్లెల్లో డిప్రెషన్‌తో వచ్చే ఆడమనిషి 'దిగులుగా ఉంది' అని మొదలుపెట్టడం అరుదు. గుండె దడ అంటుంది, తల బరువంటుంది, ఒళ్ళంతా మంటలంటుంది. రెండేళ్ళు ఆర్‌ఎంపీ దగ్గర బలం ఇంజెక్షన్లు వేయించుకుని ఉంటుంది. అయినా ఇక్కడ పుట్టి పెరిగిన డాక్టరు ఆ ఒంటి నొప్పుల వెనక ఉన్నదేమిటో పసిగట్టగలడు. ఇంట్లో అమ్మ, పిన్ని, పక్కింటి అత్తయ్య మాట్లాడగా విని నేర్చుకున్న తెలివి అది. పాడేరు కొండల మీద కువిలో బాధ చెప్పుకునే తల్లి విషయంలో అదే డాక్టరుకు ఆ ఆధారం ఉండదు.

మందుల సంగతి ఇంకా ప్రమాదం. డిప్రెషన్ మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువే పడుతుంది. మొదటి వారంలో వికారం, కడుపులో తిప్పడం లాంటివి రావచ్చు. ఈ రెండు ముక్కలూ రోగికి అర్థమయ్యేలా చెప్పకపోతే ఏమవుతుంది? వారం మింగి, వాంతులొస్తున్నాయని, ఫలితం లేదని గోళీలు పారేస్తారు. బైపోలార్ జబ్బుకు ఇచ్చే లిథియం వాడేవాళ్ళకు వాంతులు, విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీరు తగ్గితే మందే విషమయ్యే ప్రమాదం ఉంది. చేతులు బాగా వణికితే, అడుగు తూలితే వెంటనే రావాలని చెప్పి పంపాలి. స్కిజోఫ్రీనియా మందులతో ఒళ్ళు బిగుసుకుపోవడం జబ్బు ముదరడం కాదని, దానికి విరుగుడు ఉందని చెప్పాలి. ఇవన్నీ తెలుగులో కాగితం మీద రాసిచ్చి పంపిస్తే చదివేదెవరు?

మరి ఇప్పుడు పని ఎలా నడుస్తోంది? తోడు వచ్చినవాళ్ళే దుబాసీలు, అంటే ఒకరి మాటను ఇంకొకరి భాషలో చెప్పేవాళ్ళు. భర్త, కొడుకు, ఒక్కోసారి ఎనిమిదో తరగతి చదువుతున్న మనవరాలు. ఎవరూ లేకపోతే ఆ భాష వచ్చిన వార్డుబాయ్‌నో, ఆయమ్మనో, వెంట వచ్చిన ఆశా కార్యకర్తనో పిలుస్తారు. వాళ్ళ మంచి మనసును తక్కువ చేయడం లేదు. వాళ్ళు లేకపోతే ఆ పాటి వైద్యం కూడా ఉండదు. కానీ నేర్పించకుండా ఈ పని అప్పగిస్తే ఎక్కడెక్కడ తప్పుతుందో మార్కోస్ 1979లోనే పరిశీలించి చెప్పాడు. బంధువులు అడిగిన ప్రశ్నను రోగి దాకా పోనివ్వకుండా తామే జవాబు చెప్పేస్తారు. తమకు ఇబ్బందిగా ఉన్న సంగతులను తగ్గించి చెబుతారు, కాదంటే పెంచి చెబుతారు. ఆసుపత్రి సిబ్బందిలోంచి వచ్చినవాళ్ళు రోగి పొంతన లేకుండా మాట్లాడిన దాన్ని కూడా పొందికగా సర్ది చెబుతారు. ఈ చివరిదే నాకు అన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది. పొంతన లేని మాటే స్కిజోఫ్రీనియాలో డాక్టరు వెతికే గుర్తు. మంచి ఉద్దేశంతో దాన్ని సర్దేస్తే డాక్టరుకు అది కనిపించకుండానే పోతుంది.

భర్త దుబాసీగా కూర్చున్న గదిలో 'ఇంట్లో కొడతారా' అనే ప్రశ్నకు నిజమైన జవాబు రాదు. 'చచ్చిపోవాలనిపిస్తోందా' అని డాక్టరు అడిగితే, కన్నతల్లిని ఆ మాట అడగలేక కొడుకు 'దిగులుగా ఉందా' అని మార్చి అడుగుతాడు. తల్లి తలూపుతుంది. 'ఉందట సార్' అంటాడు. అడగాల్సిన ప్రశ్న అడగనే లేదని ఆ గదిలో ఒక్కరికే తెలుసు. పిల్లల చేత అడిగించడం ఇంకా ఘోరం. తల్లి మనసులో చావు ఆలోచన ఉందని పన్నెండేళ్ళ పిల్ల మొదట తన నోటితో పలకాల్సి వస్తుంది.

తెలుగు రాష్ట్రాల్లో అల్పసంఖ్యాక భాష అనగానే ఉర్దూ గుర్తొస్తుంది. ఉర్దూకు తెలంగాణలో రెండో అధికార భాష హోదా ఉంది, హైదరాబాద్ డాక్టర్లలో చాలామందికి ఎంతో కొంత వచ్చు. అసలు దిక్కులేనివి కొండల భాషలు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు గోండి, కోలామీ. భద్రాద్రి, ములుగు, చింతూరు వైపు కోయ. పాడేరు చుట్టూ కువి, ఆదివాసీ ఒడియా, ఇంకొన్ని. సీతంపేట వైపు సవర. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద గోండి మాట్లాడేవాళ్ళు 29 లక్షల పైచిలుకు. కోయ, సవర ఒక్కోటి 4 లక్షలకు పైగా, కోలామీ లక్షకు పైగా. వీటిలో ఏ ఒక్కటీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో లేదు.

ఈ లెక్కల్లోనే ఒక చిక్కుంది. జనాభా లెక్కలు 10,000 మంది కంటే తక్కువ మాట్లాడే మాతృభాషలను విడిగా ప్రకటించవు, 'ఇతరములు'లో కలిపేస్తాయి. ఇంకో విచిత్రం లంబాడీ. 32 లక్షలకు పైగా మనుషులు తమ మాతృభాష లంబాడీ అని చెప్పుకుంటే, ఆ లెక్కంతా హిందీ కింద చేర్చారు. నల్లగొండ జిల్లా తండాలో హిందీ ముక్క రాని అవ్వ కూడా కాగితం మీద హిందీ మాట్లాడే మనిషే. ఆ పట్టిక చూసి సేవలను ప్లాన్ చేసే అధికారికి తండా భాష ఎక్కడా కనబడదు.

మానసిక ఆరోగ్యం మీద దేశంలో జరిగిన పెద్ద సర్వే 2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ నడిపింది. పెద్దవాళ్ళలో నూటికి పది మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదని అందులో తేలింది. 12 రాష్ట్రాల్లో చేసిన ఆ సర్వేలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణా లేదు. దేశంలో లక్ష మందికి ఒక సైకియాట్రిస్టు కూడా లేని పరిస్థితి. ఆ ఉన్నవాళ్ళూ పట్నాల్లోనే. అంటే భాష అడ్డం లేని వాళ్ళకే పది మందిలో ఏడు నుంచి తొమ్మిది మందికి వైద్యం లేదు. ఏజెన్సీలో ఉన్నవాళ్ళకు దూరం, డబ్బు, దారి, సిగ్గు అన్నీ దాటాక చివరికి డాక్టరు ఎదుట భాష దగ్గర ఆగిపోవాల్సి వస్తోంది.

వలస వచ్చినవాళ్ళ కథ మరొకటి. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం అనే సాయుధ దళం మొదలయ్యాక, ఆ హింస నుంచి పారిపోయి గోదావరి అడవుల్లో గుడిసెలు వేసుకున్న గుత్తికోయలను తలచుకోండి. ఇళ్ళు తగలబడడం, అయినవాళ్ళు చావడం చూసినవాళ్ళు ఉన్నారు. ఇక్కడ వాళ్ళకు ఎస్టీ గుర్తింపు లేదు. మానసిక గాయానికి వైద్యం అవసరమైన సమూహం ఇదని ఎవరైనా ఒప్పుకుంటారు. కానీ వాళ్ళ మాట వచ్చిన కౌన్సెలర్ ఎక్కడున్నాడు? బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి ఏటా ఇటుక బట్టీలకు వచ్చే ఒడియా కుటుంబాలదీ అదే స్థితి. బట్టీ యజమానికి, మేస్త్రీకి అర్థమయ్యే నాలుగు మాటలతో బతుకు నడుస్తుంది, మనసు బాగోలేనప్పుడు ఆ నాలుగు మాటలు చాలవు.

భాష లేక మనిషి చిరునామానే పోగొట్టుకోవడం కూడా ఉంది. మతి చలించి రైలెక్కి ఎక్కడో దిగి రోడ్ల మీద తిరిగేవాళ్ళను పోలీసులు ఆసుపత్రికి చేర్చాలని చట్టం చెబుతోంది. చేర్చాక అతను ఏం మాట్లాడుతున్నాడో ఎవరికీ తెలియకపోతే పేరు, ఊరు లేకుండా వార్డులో ఉండిపోతాడు. మహారాష్ట్రలోని కర్జత్ దగ్గర శ్రద్ధ పునరావాస సంస్థను నడిపే డాక్టర్ భరత్ వట్వానీకి 2018లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది ఇలాంటివాళ్ళను ఇళ్ళకు చేర్చినందుకే. ఆ పనిలో మందులతో పాటు అవసరమైంది, దేశంలో నలుమూలల భాషల్లో 'మీ ఊరి పక్కన ఏ ఊరుంది, సంత ఎక్కడ జరుగుతుంది' అని ఓపిగ్గా అడగగల మనుషులు.

చట్టం ఈ విషయంలో కొంత మేలుగానే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. వైద్యం గురించి రోగి సొంతంగా నిర్ణయం తీసుకోగలడా లేదా అని తేల్చే ముందు, విషయాన్ని అతనికి అర్థమయ్యే సరళమైన భాషలో, లేదా సంజ్ఞా భాషలో, లేదా బొమ్మలతో చెప్పాలని నాలుగో సెక్షన్ అంటోంది. జబ్బు ఏమిటి, ఏ వైద్యం చేస్తున్నారు అన్నవి అతనికి తెలిసిన భాషలోనే తెలుసుకునే హక్కు 22వ సెక్షన్‌లో ఉంది. ఇవి పైపై మర్యాదలు కావు. నిర్ణయం తీసుకునే శక్తి లేదని తేలితే, ఇంకొకరి సంతకంతో 30 రోజుల దాకా ఆసుపత్రిలో చేర్చుకోవడానికి 89వ సెక్షన్ వీలిస్తుంది. చెప్పింది అర్థం కాక తికమకపడిన మనిషిని మతి లేని మనిషిగా లెక్కగడితే, అతని స్వేచ్ఛే పోతుంది.

అయితే ఈ హక్కును నిలబెట్టే మనిషిని మాత్రం ఎవరూ నియమించలేదు. 1982లో మొదలైన జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం, 1996 నుంచి జిల్లాలకు వచ్చింది. జిల్లా బృందంలో సైకియాట్రిస్టు, సైకాలజిస్టు, సోషల్ వర్కర్, నర్సు పోస్టులు ఉంటాయి. రికార్డులు చూసుకునే సహాయకుడికి కూడా చోటుంది. దుబాసీకి లేదు. రాజ్యాంగంలో కూడా అల్పసంఖ్యాక భాషల వాళ్ళకు 350వ అధికరణం తమ భాషలో అర్జీ పెట్టుకునే హక్కిచ్చింది, 350ఏ ప్రాథమిక బడిలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయమంది. ఆసుపత్రి మాట అక్కడ లేదు. రాజ్యాంగం రాసినప్పుడు గానీ, 1956లో 350ఏ చేర్చినప్పుడు గానీ మానసిక వైద్యం ఎవరి ఆలోచనలోనూ లేకపోవడం సహజమే. 2017 చట్టం వచ్చాక కూడా పోస్టు పుట్టకపోవడం మాత్రం సమర్థించుకోలేని విషయం.

బడి ఈ పని ఆసుపత్రి కంటే ముందే చేసి చూపించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో గోండి, కోలామీ, కోయ, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, లంబాడీ, ఈ ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో వాచకాలు వేసి, ఆ భాష వచ్చిన టీచర్లను పెట్టి బహుభాషా విద్య మొదలుపెట్టారు. అమలులో ఎన్ని ఒడిదుడుకులున్నా ఒక సంగతి రుజువైంది. ఈ భాషల్లో పని చేయగల చదువుకున్న యువత ఏజెన్సీలో ఉంది. అప్పుడు వాచకాలతో చదువుకున్న పిల్లలు ఇప్పుడు ఇరవైల్లో ఉన్నారు.

ఆరోగ్యంలో కూడా ఆధారం లేకపోలేదు. పశ్చిమ గోదావరి జిల్లా గిరిజన గ్రామాల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ వాళ్ళు 'స్మార్ట్ మెంటల్ హెల్త్' అనే ప్రయోగం చేశారు. ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఐదు వేల మందిని అడిగారు. దిగులు, ఆందోళన, ఆత్మహత్య ఆలోచన ఉన్నవాళ్ళను గుర్తించి పీహెచ్‌సీ డాక్టరు దగ్గరకు పంపారు. అలా గుర్తించినవాళ్ళలో అంతకు ముందు ఎప్పుడైనా వైద్యం తీసుకున్నవాళ్ళు నూటికి ఒకరు కూడా లేరు, ప్రయోగం నడిచిన కాలంలో అది 12.6 శాతానికి చేరింది. 12.6 చిన్న సంఖ్యే. కానీ ఊరి మనిషి ఊరి మాటతో అడిగితే, సున్నా దగ్గర ఉన్నది కదులుతుందని తేలింది.

జింబాబ్వేలో డాక్టర్ డిక్సన్ చిబాండా 2006లో హరారేలోని ఎంబారేలో మొదలుపెట్టిన 'ఫ్రెండ్‌షిప్ బెంచ్' ఇంకా దూరం వెళ్ళింది. సైకియాట్రిస్టులు దాదాపు లేని దేశం అది. క్లినిక్ బయట చెట్టు కింద బెంచీ వేసి, ఆ పేటలో అందరికీ తెలిసిన 14 మంది అవ్వలకు కౌన్సెలింగ్ నేర్పించారు. వాళ్ళు డిప్రెషన్ అనే మాటతో మొదలుపెట్టరు. షోనా భాషలో జనం వాడే మాటే వాడతారు. అక్కడివాళ్ళతో మాట్లాడి తయారుచేసిన షోనా ప్రశ్నలతోనే ఎవరికి సాయం కావాలో గుర్తిస్తారు. 2016లో అమెరికా వైద్య పత్రిక జామాలో వచ్చిన ఫలితాల ప్రకారం, ఆరు నెలల తర్వాత ఈ అవ్వల దగ్గర కూర్చున్నవాళ్ళలో దిగులు మామూలు వైద్యం పొందినవాళ్ళలో కంటే బాగా తగ్గింది. ఇంగ్లిష్ ప్రశ్నపత్రాన్ని అనువదించడంతో సరిపెట్టకుండా ఆ జనం భాష దగ్గర మొదలుపెట్టడం వల్లే ఇది నిలబడిందని నా నమ్మకం.

'ఏజెన్సీలో ఇప్పుడు అందరికీ తెలుగు వచ్చు కదా' అనే మాట తరచూ వినిపిస్తుంది. సంతకు, ఆఫీసుకు, పట్నానికి తిరిగే మగవాళ్ళకు వచ్చు. ఇల్లు, పోడు దాటని ఆడవాళ్ళకు, ముసలివాళ్ళకు, బడికి పోని పిల్లలకు అంత రాదు. కాన్పు తర్వాత దిగులులో పడిన తల్లి, మతిమరుపు మొదలైన తాత ఈ రెండో గుంపులోనే ఉంటారు. తెలుగు బాగా వచ్చినవాళ్ళు కూడా చనిపోయిన బిడ్డ గురించి చెప్పుకోవాలంటే తల్లి భాషలోకే వెళ్తారు.

చేయాల్సిన పనుల్లో మొదటిది చాలా చవక. ఓపీ చీటీలో వయసు, ఊరు రాసే చోట 'ఇంట్లో మాట్లాడే భాష' అని ఒక గడి పెట్టాలి. ఏడాది తిరిగేసరికి ఏ ఆసుపత్రికి ఏ భాషవాళ్ళు ఎంతమంది వస్తున్నారో తెలుస్తుంది. ఎవరు రావడం లేదో కూడా తెలుస్తుంది, నిజానికి అదే ఎక్కువ పనికొచ్చే సమాచారం.

రెండోది దుబాసీ పని. గిరిజనాభివృద్ధి సంస్థల (ఐటీడీఏ) పరిధిలోని ఆసుపత్రుల్లో జీతంతో, శిక్షణతో, పోస్టు పేరుతో దుబాసీలు ఉండాలి. నేర్పాల్సింది కొండంత ఏమీ లేదు. రోగి 'నాకు' అంటే తనూ 'నాకు' అనే చెప్పాలి, 'ఆవిడకట' అనకూడదు. అర్థం లేని మాటనూ అర్థం లేకుండానే అందించాలి. సొంతంగా సలహా చెప్పకూడదు. విన్నది గూడెంలో నోరు జారకూడదు. డాక్టరూ కొంత నేర్చుకోవాలి. రోగి వచ్చే ముందు దుబాసీతో ఐదు నిమిషాలు మాట్లాడుకోవడం, చూపు దుబాసీ మీద కాక రోగి మీద ఉంచడం, చిన్న చిన్న వాక్యాలు వాడడం, చివర్లో 'నీకేమైనా వింతగా అనిపించిందా' అని దుబాసీనే అడగడం. దీనికి మామూలు కంటే రెట్టింపు సమయం పడుతుంది. పొద్దుటి ఓపీలో కిటకిటలాడే వరసను దాటించాల్సిన డాక్టరుకు ఆ సమయం దొరకదు. కాబట్టి దుబాసీ పోస్టుతో పాటు, దుబాసీ కావాల్సిన రోగులకు వారంలో ఒక పూట విడిగా పెట్టాల్సిందే.

ఈ పనిని ఆశా కార్యకర్త నెత్తిన ఉచితంగా రుద్దడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. ఆమె ఇప్పటికే కాన్పులు, టీకాలు, సర్వేలు మోస్తోంది. దుబాసీగా కూర్చున్న ప్రతి గంటకూ డబ్బు ఇవ్వాలి. ఇంకో ఇబ్బందీ ఉంది. చిన్న గూడెంలో అందరూ చుట్టాలే. ఆశా కార్యకర్త తన అత్తింటి మనిషే అయితే కోడలు ఏం చెప్పుకుంటుంది? అందుకే పక్క మండలం మనిషిని ఫోన్‌లో కలిపే ఏర్పాటు కూడా అవసరం.

ఫోన్ దుబాసీ కొత్త ఆలోచనేమీ కాదు. ఆస్ట్రేలియా ప్రభుత్వం 1973లోనే మొదలుపెట్టింది. ఈరోజు 131 450 నంబరుకు చేస్తే 150కి పైగా భాషల్లో దుబాసీని లైన్‌లోకి తెస్తారు, ప్రైవేటు డాక్టర్లకు కూడా ఉచితంగా. మన దగ్గర 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుతో 20 భాషల్లో రాత్రీపగలూ పనిచేస్తోంది. మంచి పని. అయితే 2011 జనాభా లెక్కలు గుర్తించిన భాషలు 121. మిగిలిన భాషలకు సొంత కౌన్సెలర్లు దొరికేదాకా, కౌన్సెలర్, రోగి, దుబాసీ ముగ్గురూ ఒకే కాల్‌లో ఉండే పద్ధతి పెట్టడం కష్టమేమీ కాదు. చెవిటివాళ్ళ సంగతి వేరే చెప్పాలి. భారతీయ సంజ్ఞా భాష వాళ్ళ భాష, మాటల హెల్ప్‌లైన్ వాళ్ళకు పనికిరాదు, వీడియోలో సంజ్ఞా భాష వచ్చిన కౌన్సెలర్ కావాలి.

యంత్రానువాదం వచ్చేసింది కదా అంటారు. గిరిజన వ్యవహారాల శాఖ 2025లో తెచ్చిన 'ఆది వాణి' అనే అనువాద యాప్‌లో గోండి కూడా ఉంది. ఓపీ వేళలు, మాత్ర ఎప్పుడు వేసుకోవాలి లాంటి వాటికి అది ఉపయోగపడవచ్చు. కానీ ఆదిలాబాద్ గోండి, బస్తర్ గోండి ఒకటి కాదు. చనిపోవాలనుకుంటున్న మనిషి తడబడుతూ చెప్పే సగం వాక్యాన్ని యంత్రం మీద వదిలేయడం ఇప్పట్లో సరికాదు.

తెలుగువాళ్ళు మెజారిటీ అయిన చోట ఇదంతా వేరేవాళ్ళ సమస్యలా కనిపించవచ్చు. హోసూరులో, బళ్ళారిలో, బరంపురంలో, షోలాపూర్‌లో, సిరోంచలో మనమే అల్పసంఖ్యాకులం. అమెరికాలో ఇళ్ళల్లో తెలుగు మాట్లాడేవాళ్ళు నాలుగు లక్షలు దాటారు. మనవలను చూసుకోవడానికి వెళ్ళి, పగలంతా నాలుగు గోడల మధ్య ఉండిపోయి, దిగులుతో సతమతమయ్యే తల్లులు తండ్రులు వాళ్ళలో ఉన్నారు. డాక్టరు దగ్గర కోడలు దుబాసీ అయితే ఆ అత్తగారు ఎంత చెప్పగలదు? అక్కడ అఫర్డబుల్ కేర్ అనే ఆరోగ్య చట్టంలోని 1557వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రి అర్హత ఉన్న దుబాసీని ఉచితంగా ఇవ్వాలి. అత్యవసర పరిస్థితిలో తప్ప చిన్నపిల్లలను ఆ పనికి వాడకూడదు. భాషా సేవల కోసం 2000లో వచ్చిన అధ్యక్ష ఉత్తర్వును 2025లో రద్దు చేశారు. 1557 మాత్రం చట్టం కాబట్టి నిలిచే ఉంది. తెలుగు దుబాసీ కావాలని అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి, మొహమాటపడకండి.

ఇక్కడ తెలుగు రాని మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్ళేవాళ్ళు ప్రస్తుతానికి కొన్ని పనులు చేయొచ్చు. ఇంటి మనిషిని కాకుండా ఆ భాష వచ్చిన టీచరునో, ఆశా కార్యకర్తనో, అంగన్‌వాడీ టీచరునో వెంట తీసుకెళ్ళండి. కొంతసేపు ఇంట్లోవాళ్ళు బయట కూర్చుంటామని డాక్టరుకు మీరే చెప్పండి. రోగి అన్న మాటలను సర్దకుండా ఉన్నవి ఉన్నట్టు చెప్పమని దుబాసీని కోరండి. మందుల గురించి చెప్పినది రోగి చేత వాళ్ళ భాషలో తిరిగి చెప్పించండి. అర్థమయ్యే భాషలో వివరించకుండా ఆసుపత్రిలో చేర్చుకున్నారనిపిస్తే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు అర్జీ పెట్టుకోవచ్చు, అందుకు ఉచిత న్యాయ సహాయం కూడా ఇదే చట్టం ఇస్తోంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు సాధారణంగా ఆ జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది.